దొర గేటు దగ్గర

కిల్‌కోరా
ఫిబ్రవరి 3, 2003

డెల్మక్కా,

ఫోన్‌లో అయితే నువ్వు మాట మార్చేస్తావు. కాగితం మీద అది కొంచెం కష్టం. అందుకే రాస్తున్నాను.

దొర గేటుకి తాళం వేశారు.

అవును, ఆ గేటే. సరస్సు ఒడ్డున, వేన్ దొర బంగళా పక్కగా పోయే మన మైలుంపావు బాట మొదట్లో ఉన్నది. శనివారం పొద్దున సైకిలు మీద వెళ్తే కొత్త గొలుసు, అరచెయ్యంత తాళం కనిపించాయి. పక్కనే ఆకుపచ్చ బోర్డు మీద "ప్రైవేటు స్థలం" అని ముద్దుగా రాసి ఉంది. తాళానికి ఇంకా నూనె వాసన పోలేదు.

పోయిన ఆకురాలు కాలంలో బంగళా కొన్నాయన పేరు హార్ట్‌నెట్. డబ్లిన్ మనిషి. తిట్టడానికి ఒక్క వంక దొరకదు, అదే నా ఏడుపు. ఎదురైతే ఆగి పలకరిస్తాడు. చర్చి పైకప్పుకి అడక్కుండానే చందా ఇచ్చాడు. ఆ మంచితనంతోనే దారి మూశాడు.

నా సంగతి నీకు తెలిసిందే. పాత పాలకేంద్రం షెడ్డులో పద్నాలుగు సైకిళ్ళు పెట్టుకుని, సరస్సుల చుట్టూ తిరగడానికి వచ్చేవాళ్ళకి పదకొండేళ్ళుగా అద్దెకిస్తున్నాను. మ్యాపులు వాళ్ళ దగ్గర ఉంటాయి, కానీ మ్యాపులకి కుక్కల సంగతి తెలీదు. అందుకని అట్టముక్కల మీద చేత్తో దారి రాసిస్తాను. "నీలం చేతిపంపు దగ్గర ఎడమకి తిరగండి. మోరన్ వాళ్ళ కుక్క అరుస్తుంది, పట్టించుకోకండి. రెల్లు కనబడితే మీరు సరిగ్గానే వస్తున్నారు." ఏడో నంబరు అట్ట సరస్సు చుట్టూ ఇరవై నాలుగు మైళ్ళు. దాని ప్రాణమంతా ఆ మైలుంపావులోనే ఉంది. అది పోతే లారీల రోడ్డు మీద ఆరు మైళ్ళు తొక్కాలి. వెనక పసిపిల్లని కూర్చోబెట్టుకున్న తల్లిని నేను ఆ రోడ్డు ఎక్కించను.

హార్ట్‌నెట్ ఏమంటున్నాడంటే, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, పది నుంచి ఐదు దాకా ఎవరైనా వెళ్ళచ్చట. చీటీ మీద సంతకం పెట్టి, తాళంచెవి తీసుకుని, మళ్ళీ తెచ్చివ్వాలట. ఊళ్ళో సగం మంది "ఎంత మంచివాడు" అంటున్నారు. లాయరు ఇమెల్డా ట్రేసీ మాత్రం ఆ చీటీ చూడగానే కుర్చీలోంచి లేచింది.

"సంతకం పెట్టారా, అయిపోయారే! దారి మీ హక్కు అవ్వాలంటే మూడు ఉండాలి. బలవంతంగా జొరబడి ఉండకూడదు. దొంగచాటుగా వెళ్ళి ఉండకూడదు. ఎవరి అనుమతీ తీసుకుని ఉండకూడదు. అనుమతి తీసుకున్న రోజున అది వాళ్ళ దారి, మీరు చుట్టాలు."

అనుమతి లేకుండా వెళ్తేనే మన దారి. నాకీ మాట ఎంత నచ్చిందో! నాన్న వింటే బల్ల మీద చెయ్యి చరిచేవాడు. తాత కాలంలో ఆ గేటు దగ్గర సైకిలు దిగి, టోపీ తీసి, బంగళా దాటేదాకా నడిపించుకుంటూ పోయేవాళ్ళు కదా. నాన్న సైకిలు కొన్న మొదటి రోజే దిగకుండా, టోపీ తియ్యకుండా పోయాడు. ముసలి దొర గేటు దగ్గరే నిలబడి ఉంటే, హేండిల్ మీంచి చూపుడు వేలొకటి ఎత్తాడట. రోడ్డు మీద ఎదురైన ఏ రైతుకైనా ఎత్తే వేలే అది. ఆ తర్వాత ఊళ్ళో ఒక్కరూ దిగలేదు.

ఇప్పుడు నీ అవసరం పడింది. 1961లో వేన్ కుటుంబం వెళ్ళిపోయాక బంగళా ఖాళీగానే ఉంది. ఖాళీ ఇంటిని ఎవరూ అనుమతి అడగరు, కాబట్టి ఆ తర్వాతి లెక్క పనికిరాదట. దొరలు ఉన్నప్పుడు మనం అడగకుండా వెళ్ళామని చెప్పేవాళ్ళు కావాలి. నాకు సైకిళ్ళ వ్యాపారం ఉంది కాబట్టి నా మాట బలం తక్కువ. పాకీ మోరన్‌కి ఎనభై ఎనిమిదేళ్ళు, మతి సగం పోయింది. నువ్వైతే ఆస్పత్రి పనికి రోజూ ఆ దారినే వెళ్ళేదానివి. ఒక్క పేజీ రాసి సంతకం పెట్టి పంపు.

నీ చెల్లెలు,
అట్టీ

*

లీడ్స్
ఫిబ్రవరి 19

అట్టీ,

ఉత్తరం అందింది. ఇక్కడ ఒకటే చలి. కుడి మోకాలు మెట్లెక్కనంటోంది. నేను నలభై ఏళ్ళు నర్సుగా చేశానని డాక్టరు దానికి ఏ మందూ రాయకుండా "మీకు తెలియనిది ఏముంది" అంటాడు. పక్కింటి వాళ్ళు పిల్లిని పెంచుతున్నారు, అది మా ఇంట్లో పెరుగుతోంది. మా ఆయన స్టాన్లీ బతికుంటే ఒప్పుకునేవాడు కాదు.

గేటు సంగతి చదివాను. నాకు తోచింది చెప్తాను, కోప్పడకు. చీటీయే కదా. సంతకం పెట్టేస్తే ఏం పోతుంది? నీ సైకిళ్ళు వేసవిలోనే కదా తిరిగేది, పది నుంచి ఐదు దాకా చాలదా? అరవై నాలుగేళ్ళు వచ్చాయి నీకు. కోర్టులూ లాయర్లూ మనకెందుకు?

పాత సంగతులు నాకంత గుర్తులేవు కూడా. మనం వేసుకున్న బూట్లు గుర్తున్నాయి గానీ దారులు గుర్తులేవు. రొట్టెలోకి నువ్వు వేసే గింజలు ఏ కొట్లో కొంటావో రాయి. ఇక్కడివి చేదెక్కుతున్నాయి.

ప్రేమతో,
డెల్మా

*

కిల్‌కోరా
మార్చి 10

అక్కా,

గింజలు పార్సిల్లో పంపుతున్నాను. మోకాలికి ఆముదం పట్టించు. పిల్లికి నా దీవెనలు. నేను అడిగింది తప్ప అన్నిటికీ జవాబు రాశావు కాబట్టి, నేనూ అన్నిటికీ జవాబిచ్చేశాను. ఇప్పుడు అసలు సంగతికి రా.

నీకు దారులు గుర్తులేవా? చీకట్లో, బ్రేకుల్లేని సైకిలు మీద, ఒక్క గుంతలో పడకుండా ఇంటికొచ్చిన మనిషివి. ఎవరికి చెప్తున్నావే?

హార్ట్‌నెట్ నిన్న తేనె సీసా పట్టుకుని ఇంటికొచ్చాడు. సీసాకి చిన్న గళ్ళ గుడ్డ కట్టి ఉంది. టీ ఇచ్చాను, నాకు మర్యాద లేదనుకోకు.

"అట్రాక్టా గారూ, నేను మిమ్మల్ని ఆపడం లేదు. రమ్మంటున్నాను."

"అదే వద్దంటున్నాను."

"రమ్మంటే వద్దంటారా?"

"రమ్మనడానికి మీరెవరండీ?"

పాపం, నిజంగానే అర్థం కాలేదు ఆయనకి. కప్పు కింద పెట్టి, "నేనేం తప్పు చేశాను?" అన్నాడు. చెప్పాను. "మీరు మంచివారు. రేపు మీరు అమ్మేసి వెళ్ళిపోతారు. తర్వాత వచ్చేవాడు మంచివాడు కాకపోతే, మేం మళ్ళీ టోపీ తీసి నిలబడాలి. మాకు మీ మంచితనం వద్దు, మా దారి కావాలి." తేనె సీసా తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. అది అలమారలో ఉంది, మూత తియ్యలేదు.

బెర్నీ మాస్టర్సన్ సంతకం పెట్టేసింది. యాత్రికులకి గదులిచ్చే మనిషి, ఖాళీగా ఉంటాయని దాని భయం. కొట్లో అందరి ముందూ నా మీద పడింది.

"నీ పంతానికి నా గదులు ఖాళీగా పెట్టుకోవాలా? తాళంచెవి ఇస్తానంటే తీసుకోడానికి నీకేం రోగమే?"

"నీ ఇంటికి నేను తాళం వేసి, నీకే తాళంచెవి ఇస్తే పుచ్చుకుంటావా బెర్నీ?"

"నీ నోటికి తాళం వేసేవాడు పుట్టలేదు గానీ, పుట్టి ఉంటే ఆ తాళంచెవి నేను సరస్సులో పారేద్దును!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఇంటికొచ్చాక లెక్కేస్తే, సంతకం పెట్టినవాళ్ళు పదకొండు మంది. ఇమెల్డా అంటోంది, ఇంకో పది మంది పెడితే కోర్టులో మనం వినిపించేది ఒక ముసలిదాని పంతం తప్ప ఇంకేం కాదట. కేసు వేసేశాం, విచారణ జూన్ పదిన. ఈ మైలుంపావు నాన్న ఇచ్చిన ఆస్తి అక్కా. మనకి వేరే ఏమీ ఇవ్వలేదు ఆయన.

ఒక్క పేజీ. అడగలేదు, దిగలేదు, వెళ్ళాం. ఆ మూడు మాటలు చాలు.

అట్టీ

*

లీడ్స్
మార్చి 24

అట్టీ,

నేను రాయలేను. నన్ను మళ్ళీ అడగొద్దు. నువ్వు చెప్పిన మూడు మాటల్లో నాకు ఒక్కటే చేతనవుతుంది.

గింజలు అందాయి.

డెల్మా

*

కిల్‌కోరా
ఏప్రిల్ 7

శ్రీమతి ఫిడెల్మా హోల్‌రాయిడ్ గారికి,

నమస్కారం. తమరు క్షేమమని తలుస్తాను. నేను క్షేమంగా లేను.

తమ ఉత్తరం పదిసార్లు చదివాను. మూడు మాటల్లో ఒక్కటే చేతనవుతుందట. "వెళ్ళాం" అన్నదేనా అది? అంటే మిగతా రెండూ?

దానికి జవాబు పోస్టాఫీసులో దొరికింది. పాకీ మోరన్ పింఛను తీసుకోడానికి వచ్చి వరసలో నిలబడ్డాడు. నేను గేటు సంగతి చెప్పి, "నువ్వు చెప్పు పాకీ, దొరలున్నప్పుడు ఎవరైనా దిగారా?" అన్నాను, అందరికీ వినబడేలాగే.

"మీ అక్క దిగేదిగా," అన్నాడు.

"ఎక్కణ్ణించి?"

"సైకిలు మీంచి. దొర గేటు దగ్గర. టోపీ లేదు గానీ, ఉంటే తీసేదే."

"నీకు మతి పోయింది పాకీ."

"పోయిందే పిల్లా. పోయింది నిన్నటి సంగతులు. అప్పటివి ఎక్కడికీ పోలా."

బెర్నీ నా వెనకే ఉంది. ఒక్క మాట అనలేదు. అది మాట్లాడకపోవడం నేను పుట్టాక చూళ్ళేదు. ఈపాటికి హార్ట్‌నెట్ లాయరు దాకా వెళ్ళే ఉంటుంది.

నేను పాకీని అందరి ముందూ అబద్ధాలకోరు అన్నాను. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషిని. కాబట్టి నాకు నిజం కావాలి. దిగావా, లేదా? వాతావరణం గురించి రాస్తే ఉత్తరం తెరవకుండా తిప్పి పంపుతాను.

ఇట్లు,
అట్రాక్టా గిల్‌హూలీ

*

లీడ్స్
ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

అట్టీ,

దిగాను.

పాకీ దగ్గరికి వెళ్ళి నా తరఫున క్షమాపణ అడుగు.

1952 వేసవి. నాకు పద్దెనిమిది, నీకు పదమూడు. కౌంటీ ఆస్పత్రిలో వార్డులు తుడిచే పని కొత్తగా దొరికింది. ఒక పొద్దున ఆ గేటుకి తెల్లరంగు వేస్తున్నాడు దొర చిన్న కొడుకు ఆబ్రీ. ఇరవయ్యేళ్ళవాడు. పనివాళ్ళు ఉన్నా తనే వేస్తున్నాడు. రంగు తడి, సందు ఇరుకు, గౌను అంటుకుంటుందని దిగాను. అంతే. "అయ్యో, క్షమించండి" అని నిచ్చెన జరిపాడు. దొర కొడుకు మనకి క్షమాపణ చెప్పడం నేను ఎప్పుడూ వినలేదు.

రెండో రోజుకి రంగు ఆరిపోయింది. నేను మాత్రం దిగాను. "ఈ దారిన వెళ్ళచ్చా అండీ?" అని అడిగాను. నవ్వి, గేటు తీసి పట్టుకున్నాడు. ఏడు వారాలు, రోజూ దిగాను, రోజూ అడిగాను. ఒక్కోసారి నేను అడగడం అయ్యేసరికి ఆస్పత్రిలో గంట కొట్టేసేవాళ్ళు. నేను అతన్ని ప్రేమించాను. ఈ మాట యాభై ఏళ్ళలో ఎవరికీ చెప్పలేదు, స్టాన్లీకి కూడా. స్టాన్లీ చాలా మంచి భర్త, అతనికి ఈ మాట అవసరం లేకపోయింది.

ఒక సాయంత్రం నాన్న అటువైపు నుంచి వచ్చాడు. నేను సైకిలు పట్టుకుని, తలొంచుకుని, గేటు దగ్గర నిలబడి ఉన్నాను. నాన్న ఆగలేదు. ఆబ్రీకి ఒక్క వేలు ఎత్తాడు. నా వైపు చూడలేదు. భోజనం దగ్గర మాత్రం, నువ్వు పాలకి వెళ్ళినప్పుడు, ఒకే మాట అన్నాడు. "మా నాన్న భయపడి దిగాడు. అది నాకు అర్థమవుతుంది." అంతే. ఆ ఏడు అక్టోబరులోనే నేను లీడ్స్ వచ్చేశాను. నర్సు చదువు కోసం అని అందరికీ చెప్పాం కదా. ఆ మాట మీదే ఇంతకాలం బతికాను.

ఆబ్రీ ఆఫ్రికా వెళ్ళి, రెండేళ్ళకి జ్వరంతో అక్కడే పోయాడట. పేపర్లో రెండు లైన్లు చూశాను.

అతను ఒక చీటీ రాసిచ్చాడు. దీంతో పాటు పెట్టాను. "మిస్ ఫిడెల్మా గిల్‌హూలీ ఈ దారిన ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళవచ్చు" అని మొదటి లైనులోనే ఉంది, కింద సంతకం, తారీకు. ఇది అనుమతి కాకపోతే ఇంకేమిటి? నువ్వు అక్కర్లేదని పోరాడుతున్న చీటీ నా ప్రార్థన పుస్తకంలో యాభై ఏళ్ళుగా ఉంది. అందుకే రాయలేకపోయాను. నీకు సంతకం పెట్టెయ్యమని చెప్పడం వెనక ఉన్నదీ ఇదే. నీ ధైర్యం చూస్తే నాకు సిగ్గేసింది.

ఏమీ ఎరగనని రాయమంటే రాయను. అబద్ధంతో గెలిచే దారి నాన్న దారి కాదు. కాలుస్తావో, లాయరుకి ఇస్తావో నీ ఇష్టం. నేను దాచడం మానేశాను.

డెల్మా

*

కిల్‌కోరా
ఏప్రిల్ 28

అక్కా,

నిజం చెప్తున్నాను, పొయ్యి మూత తీశాను.

ఒక చేత్తో చీటీ, ఒక చేత్తో మూత. నీ మీద ఎంత కోపం వచ్చిందంటే, నువ్వు ఎదురుగా ఉంటే ఆ మూతతోనే కొట్టేదాన్ని. దిగినందుకు కాదు. పదమూడేళ్ళప్పుడు నేను రోజూ రాత్రి నీ పక్కనే పడుకున్నాను, ఒక్క ముక్క చెప్పలేదు నాకు! నాన్న ముఖం చూసి నీకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. నువ్వెళ్ళాక మూడు నెలలు నీ దిండు నాకిమ్మని ఏడ్చాను.

తర్వాత, కాల్చేముందు ఆ అబ్బాయి చేతిరాత ఎలా ఉంటుందో చూద్దామని చదివాను. మొత్తం చదివాను అక్కా. నువ్వెప్పుడైనా చదివావా? మొదటి లైను దగ్గరే ఆగిపోయి, యాభై ఏళ్ళు దానికే ముద్దులు పెట్టుకున్నట్టున్నావు. ఇదిగో, నీ కోసం మిగతాది ఎత్తి రాస్తున్నాను:

"కాబట్టి దయచేసి దిగకండి. సరస్సు చుట్టూ ఉన్నవాళ్ళలో ఇంకెవరూ దిగరు, ఎవరూ అడగరు. అది వాళ్ళ దారేనని మా నాన్నగారు ఇరవై ఏళ్ళ కిందటే ఒప్పుకుని ఊరుకున్నారు. మీరొక్కరే అడుగుతుంటే నాకు సిగ్గుగా ఉంది."

మూత పెట్టేసి, కోటు వేసుకుని, సైకిలెక్కి పట్నం పోయాను. వానలో పద్నాలుగు మైళ్ళు. ఇమెల్డా చదివి, కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చదివింది.

"దొర కొడుకు రాసి సంతకం పెట్టాడే! ఎవరూ అడగరని, దొరకి తెలుసునని, దారి వాళ్ళదేనని! మీ అక్క అడగబట్టే కదా, మిగతావాళ్ళు అడగలేదని కాగితం మీదికొచ్చింది. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారమ్మా దీన్ని?"

"ప్రార్థన పుస్తకంలో," అన్నాను.

కానీ చీటీ ఒక్కటే చాలదట. ఎవరు రాశారో, ఎందుకు రాశారో నువ్వు వచ్చి చెప్పాలి. నిండు కోర్టులో, నేను దిగాను, అడిగాను అని చెప్పాలి. వాళ్ళ లాయరు నిన్ను గుచ్చి గుచ్చి అడుగుతాడు. ఊరంతా వస్తుంది. బెర్నీ ముందు వరసలో కూర్చుంటుంది, బిస్కెట్లు తెచ్చుకుంటుంది కూడా. నేను రమ్మని అడగను. అడగడం అంటే నాకు పడదని నీకు తెలుసు.

పాకీకి క్షమాపణ చెప్పాను. ఎందుకో అతనికి గుర్తులేదు.

అట్టీ

*

లీడ్స్
మే 6

అట్టీ,

జూన్ ఎనిమిదిన పొద్దుటి ఓడకి వస్తున్నాను. టికెట్టు కొన్నాను.

నీ ఉత్తరం చదివి వంటగదిలో కూలబడి నవ్వాను, తర్వాత ఏడ్చాను, పిల్లి బయటికి పారిపోయింది. నిజమే, మిగతాది చదివాను గానీ నాకది మందలింపులా వినిపించేది. పెద్దింటి అబ్బాయి నన్ను చూసి సిగ్గుపడుతున్నాడని. తన మీద తనకే సిగ్గని ఇప్పుడు, అరవై తొమ్మిదేళ్ళకి అర్థమైంది.

నవ్వేవాళ్ళని నవ్వనీ. ముందు వరసలో ఎవరు కూర్చుంటే నాకేం? ఇన్నాళ్ళు తలొంచుకున్నది చాలు. పద్దెనిమిదేళ్ళ పిల్ల ఒకణ్ణి ప్రేమించి సైకిలు దిగింది. అందులో దొరా లేడు, రైతూ లేడు. ఆ మాట ఎవరడిగినా గట్టిగా చెప్తాను. నాన్న బతికుంటే ఆయనకి ముందు చెప్పేదాన్ని.

నాన్న సైకిలు ఇంకా ఉందా? ఉంటే నూనె వెయ్యి.

డెల్మా

*

కిల్‌కోరా
జూలై 11

అక్కా,

గెలిచాం! తీర్పు పొద్దున వచ్చింది. దారి దారేనట. ఎల్లప్పుడూ, అందరికీ, ఏ చీటీ లేకుండా. హార్ట్‌నెట్ మధ్యాహ్నానికల్లా తనే వచ్చి గొలుసు తీశాడు. చేతికి తుప్పు అంటితే రుమాలుతో తుడుచుకున్నాడు. పై కోర్టుకి వెళ్ళనని చెప్పాడట. ఆ సంగతి విన్నాక తేనె సీసా మూత తీశాను. బాగుంది.

నువ్వు వెళ్ళి నెలైనా ఊరంతా నీ మాటే. పాలబండి అతను కూడా నీలాగే మాట్లాడి చూపిస్తున్నాడు. ఆ లాయరు గొంతు సవరించుకుని, "అయితే ఆ దారికి అనుమతి అవసరమని మీకు తెలుసన్నమాట" అన్నప్పుడు ఇక ఓడిపోయామనే అనుకున్నాను. నువ్వు చేతిసంచీ ఒళ్ళో సర్దుకుని, "లేదు బాబూ. అవసరం లేదని తెలిసే అడిగాను. అతనితో మాట్లాడ్డానికి వేరే వంక దొరకలేదు" అన్నావు. జడ్జిగారు కాగితాల వెనక మొహం దాచుకున్నారు. బెర్నీ బిస్కెట్ పొలమారి దగ్గింది. అది ఇంటికెళ్ళి తన చీటీ చింపేసింది, తెలుసా? ఇప్పుడు మొదట్నించీ నా పక్షమే అంటోంది.

జూలై చివరి ఆదివారం అందరం సరస్సు చుట్టూ తొక్కుతున్నాం. నాన్న సైకిలు సిద్ధంగా ఉంది. అడుగుతున్నాను, చూశావా, నేనే అడుగుతున్నాను. రా.

అట్టీ

*

లీడ్స్
ఆగస్టు 2

అట్టీ,

నువ్వూ అక్కడే ఉన్నావు, అంతా చూశావు. అయినా రాస్తున్నాను, ఇది కాగితం మీద ఉండాలి.

మోకాలు మొదటి మైలు తిట్టింది, తర్వాత ఊరుకుంది. నాన్న సీటు ఎంత గట్టిదో మర్చిపోయాను. రెల్లు దాటి మలుపు తిరగ్గానే తెల్ల గేటు కనిపించింది. బార్లా తెరిచి ఉంది. అయినా నా చెయ్యి బ్రేకు మీదికి, కాలు నేల మీదికి వాటంతటవే వెళ్ళబోయాయి. యాభై ఏళ్ళ కిందటి అలవాటు ఒంట్లో ఎక్కడ దాక్కుందో! నీ గంట వెనక నుంచి మోగకపోతే దిగేదాన్నేమో.

గేటు దగ్గర హార్ట్‌నెట్ నిలబడి ఉన్నాడు. మంచి చొక్కా వేసుకుని, రెండు చేతులూ చాచి, "రండి, రండి, అందరికీ స్వాగతం!" అన్నాడు. దొర లాగే. పాపం, అతనికి ఇంకో పద్ధతి తెలీదు. యాభై ఏళ్ళు ఇంగ్లండులో బతికిన నోరు నాది, "థాంక్స్ అండీ" నాలుక చివరికి వచ్చేసింది. నువ్వు వెనక నుంచి అరిచావు చూడు, "అక్కా, నోరు ముయ్యి!" అని. ముప్ఫై మంది విన్నారు. నా జన్మలో నువ్వు నాకు ఇచ్చిన గొప్ప సలహా అదే.

నోరు మూసుకున్నాను. దిగలేదు. తల వంచలేదు. హేండిల్ మీంచి చూపుడు వేలు ఒక్కటి ఎత్తాను.

నేను దాటిపోయాక ఏం జరిగిందో నీకే కనిపించి ఉంటుంది, నేను వెనక్కి చూడలేదు. ముందుకే చూశాను. సరస్సు మీద ఎండ పడుతోంది. ఆబ్రీ గుర్తొచ్చాడు. నాన్న గుర్తొచ్చాడు. ఇద్దరి ముందూ నాకు సిగ్గు అనిపించలేదు. ఏం జరిగిందో రాయి.

డెల్మా

*

కిల్‌కోరా
ఆగస్టు 9

అక్కా,

చాచిన చేతులు కిందికి దించాడు. తర్వాత నేను వేలు ఎత్తితే, బెర్నీ ఎత్తితే, వరసగా అందరూ ఎత్తుతూ పోతుంటే, చివరికి పాకీ, మనవరాలి సైకిలుకి తగిలించిన బండిలో కూర్చుని వెళ్తూ, ఎత్తాడు. అప్పుడు హార్ట్‌నెట్ కూడా ఎత్తాడు. ఒక్క వేలు. కొంచెం వంకరగా ఎత్తాడు గానీ, నేర్చుకుంటాడు.

ఏడో నంబరు అట్ట మళ్ళీ రాశాను. ఒకటి నీకు పంపుతున్నాను. ప్రార్థన పుస్తకంలో ఆ చీటీ ఉన్న చోట పెట్టుకో. చీటీ మాత్రం ఇంకా కోర్టు దగ్గరే ఉంది, అడిగి తెస్తాను. ఆ ఒక్కదానికీ అడుగుతాను.

అట్టీ

"ఏడో నంబరు. కోరా సరస్సు చుట్టూ. ఇరవై నాలుగు మైళ్ళు.
నీలం చేతిపంపు దగ్గర ఎడమకి.
మోరన్ వాళ్ళ కుక్క అరుస్తుంది, పట్టించుకోకండి.
రెల్లు కనబడితే మీరు సరిగ్గానే వస్తున్నారు.
పదకొండో మైలు దగ్గర తెల్ల గేటు. దిగకండి. అడగకండి. థాంక్స్ చెప్పకండి. ఎవరైనా నిలబడి ఉంటే, ఒక్క వేలు ఎత్తండి."